డేల్ కారులో పెరిగిన మైళ్ళు

లొరేన్, ఒహాయో
మే 4, 2019, శనివారం

తమ్ముడు డేల్‌కి,

అక్క గ్వెన్ రాస్తున్న ఉత్తరం. పంటి నొప్పి తగ్గిందనీ, ఒంట్లో బాగానే ఉందనీ అనుకుంటాను. ఇక్కడ అమ్మా నేనూ కులాసా. అమ్మ మోకాలు ఎప్పటిలాగే ఉంది. వారమంతా వానలు పడి ఇవాళ ఎండ కాసింది.

నువ్వు చెప్పిన పని అయింది. నీ కార్వెట్ కారుకి ఆయిల్ మార్చాం. మార్చాం అన్నాను గాని, చివరికి మార్చింది నేనొక్కదాన్నే. అలా ఎందుకైందో వరసగా రాస్తాను. అన్నీ వివరంగా రాయమని నువ్వే అంటావు కదా, లోపల చదువుకోవడానికి ఇంకేమీ ఉండదని.

నువ్వు వెళ్ళి మూడేళ్ళయింది. మొదటి రెండేళ్ళూ మే నెల రాగానే నీ చిన్ననాటి స్నేహితుడు ఆర్నీయే మార్చాడు. మార్చిలో వాడి భుజానికి ఆపరేషన్ అయింది. చెయ్యి ఇంకా పట్టీలోనే ఉంది. "నువ్వు ఉంటే చాలు, నోటితో చెప్తాను, నువ్వు చేద్దువుగాని" అని నాతో అన్నాడు. ఏడాదంతా షెడ్డులో కదలకుండా ఉన్న కారుకి కొత్త ఆయిల్ ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. ఉన్నచోట ఉన్నా పాడవుతుందని నువ్వు రాశావు. సరే అన్నాను.

పొద్దున తొమ్మిదికల్లా ఆర్నీ కాఫీ ఫ్లాస్కు చంకలో పెట్టుకుని అమ్మ వాళ్ళింటికి వచ్చాడు. మడత కుర్చీ వేసుకుని షెడ్డు గుమ్మంలో రాజాలా కూర్చున్నాడు. కారు ముక్కు నేలకి ఆనేంత కిందకి ఉంటుంది కాబట్టి ముందు రెండు చెక్కలు, వాటి తర్వాత చక్రాలు ఎక్కే వాలు ర్యాంపులు పెట్టించాడు. ఎక్కించబోతే రెండుసార్లు ఇంజన్ ఆగిపోయింది. "ఊళ్ళో స్కూలు బస్సులన్నిటికీ డ్యూటీలు వేస్తావు, క్లచ్ వదలడం రాదా తల్లీ?" అన్నాడు. "నువ్వు నోరు మూసుకుని కాఫీ తాగు" అన్నాను. మూడోసారి ఎక్కింది.

పది నిమిషాలు ఇంజన్ వేడెక్కనిచ్చి కిందకి దూరాను. ఈ కారులో ఆయిల్ రెండు చోట్ల ఉంటుందట. ఇంజన్ అడుగున కొంచెం, పక్కనున్న ట్యాంకులో చాలా. నీకు తెలిసిందే, నాకు ఇవాళే తెలిసింది. మొదటి బోల్టు పానాతో వదులు చేసి, చివరి చుట్లు వేళ్ళతో తిప్పుతుంటే చటుక్కున ఊడొచ్చింది. వేడి ఆయిల్ మణికట్టు మీదుగా మోచేతి దాకా కారింది. నేనన్న మాట ఇక్కడ రాయను. ఆర్నీ మాత్రం, "ఇప్పుడు మెకానిక్‌వయ్యావు" అన్నాడు.

ఇక్కడిదాకా అంతా బాగానే ఉంది.

నువ్వు రాసిచ్చిన నాలుగు పేజీల్లో రెండో పేజీలో, "నడపని కారు కాబట్టి ఆయిల్ తేనె రంగులో వస్తుంది, కంగారు పడకు" అని ఉంది. తొట్టిలోకి వచ్చింది తేనె రంగు కాదు. అడుగంటిన కాఫీలా నల్లగా ఉంది. ఇదేంటి ఆర్నీ అన్నాను. వాడు ఇంకో గుక్క కాఫీ తాగాడు. లేచి బానెట్ కింద చూశాను. పోయినేడు మార్చినప్పుడు వాడు అంటించిన చీటీ అక్కడే ఉంది. మే 5, 2018, ముప్పై ఒక్క వేల రెండు వందల నాలుగు మైళ్ళు. లోపల మీటరు చూస్తే ముప్పై నాలుగు వేల డెబ్భై నాలుగు. ఏడాదిలో రెండు వేల ఎనిమిది వందల డెబ్భై మైళ్ళు పెరిగాయి.

షెడ్డు తాళం చెవి అమ్మది కాక ఇంకొకటే ఉంది. నెలకోసారి ఇంజన్ తిప్పి ఆపమని నువ్వే దాన్ని ఆర్నీకి ఇచ్చావు.

నువ్వే నడిపావా అని అడిగాను. లేదన్నాడు. మరి ఎవరు నడిపారంటే నేల చూశాడు. నాకు ఒళ్ళు మండింది. "వాడు లోపల రోజులు లెక్కపెట్టుకుంటుంటే నువ్వు వాడి కారులో షికార్లు తిరుగుతున్నావా? చిన్నప్పటినుంచీ వాడి పళ్ళెంలో తిన్నవాడివి, దొంగతనం చెయ్యడానికి వాడే దొరికాడా?" అన్నాను. ఇంతకంటే కొన్ని ఎక్కువే అన్నాను. ఆర్నీ ఫ్లాస్కు మూత బిగించుకున్నాడు. ఒంటిచేత్తో జేబులోంచి తాళం చెవి తీసి అల్మారా మీద పెట్టాడు. "వాషర్లు కొత్తవి వెయ్యి, పాతవి మళ్ళీ వాడకు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

మిగతాది నీ కాగితాలు చూసుకుంటూ చేశాను. ఫిల్టర్ చేతికి తిరగలేదు, గరుకు కాగితం చుట్టి తిప్పితే వచ్చింది. కొత్తదాని రబ్బరుకి ఆయిల్ రాశాను. రెండు బోల్టులకీ కొత్త వాషర్లు వేసి, బిగువు కొలిచే పానా టక్కుమనే దాకా బిగించాను. పదిన్నర క్వార్టులు పోశాను. ఇంజన్ వేడెక్కించి, ఆపి, అయిదు నిమిషాలాగి ఆయిల్ మట్టం కొలిచే పుల్ల తీసి చూస్తే సరిగ్గా గీత దగ్గర ఉంది. నా జీవితంలో అంత కచ్చితంగా వచ్చిన పని ఇంకోటి లేదు. సంతోషించే ఓపిక మాత్రం లేకపోయింది.

అమ్మ ఒకసారి గుమ్మం దాకా వచ్చి, ఆర్నీ ఏడని అడిగింది. పనుందని వెళ్ళాడన్నాను. "రేపు పొద్దుటికి కారు దిగుతుందా?" అంది. ఇవాళే దిగుతుందని చెప్పాను. బోల్టులు గట్టిగా బిగించమని చెప్పి లోపలికి వెళ్ళింది. నీ పేరు ఎత్తలేదు. కోర్టు వరండాలో అన్న మాట మీదే ఉంది. నిన్ను ఉంచిన జైల్లో అడుగు పెట్టనంది, పెట్టలేదు. నేను ఇంక అడగడం మానేశాను.

ఆర్నీకి కారు నడుపుకోమని నువ్వు గాని చెప్పి ఉంటే వెంటనే రాయి. చెప్పకపోతే కొత్త తాళం వేయిస్తాను. రేపు పొద్దున వచ్చి కింద ఆయిల్ కారిందేమో చూడమన్నావు. అది చూసుకున్నాకే ఈ ఉత్తరం పోస్టు చేస్తాను.

ఒంట్లో జాగ్రత్త. పన్ను డాక్టరుకి చూపించు.

నీ అక్క,
గ్వెన్

తా.క. ఆదివారం సాయంత్రం రాస్తున్నాను. పైన ఆర్నీ గురించి రాసినదంతా కొట్టేసినట్టు చదువుకో.

పొద్దున తొమ్మిదింటికి వెళ్ళేసరికి షెడ్డు తలుపు తీసి ఉంది, లోపల కారు లేదు. నేల మీద ఒక్క చుక్క కూడా లేదు, ఆ సంగతీ చెప్తున్నాను. అమ్మ చర్చికి వెళ్ళిందనుకున్నాను. పోలీసులకి ఫోన్ చెయ్యబోయి, ఆమె రానీ అని ఆగాను. పన్నెండింటికి కార్వెట్ వీధి మలుపు తిరిగింది. అమ్మ నడుపుతోంది. ఇరవై ఏళ్ళు బ్రెడ్డు వ్యాను నడిపిన మనిషి. ఒక్క కుదుపు లేకుండా తెచ్చి షెడ్డులో పెట్టింది.

ఎక్కడికెళ్ళావంటే ముందు మోకాలు పట్టుకుని మెల్లిగా దిగింది. తర్వాత, "వాడి దగ్గరికే" అంది. నీ జైలుకి ఎదురుగా, రోడ్డవతల, మూసేసిన మొక్కల దుకాణం ఉందట. దాని ముందు కారు ఆపుకుని కూర్చుంటుందట. ఆదివారాలు పదింటికి మిమ్మల్ని బయట మైదానంలోకి వదులుతారట కదా. అందరివీ ఒకే నీలం చొక్కాలైనా, ఎడమ కాలు ఈడ్చే నడకని బట్టి నిన్ను పోల్చుకుంటుందట. మీరంతా లోపలికి వెళ్ళిపోయాక ఇంటికి వస్తుంది. పోనూ రానూ డెబ్భై మైళ్ళు. ఇవాళ్టిది కాక, పోయిన మే నుంచి నలభై ఒక్క ఆదివారాలు. మంచు పడ్డ వారాలు మానేసింది.

నెలకోసారి వాణ్ణి చూడ్డానికి నాతో రమ్మంటే రానిదానివి ఇదేమిటమ్మా అన్నాను. "లోపల అడుగు పెట్టనని ఆ కెస్లర్ భార్య ముందు అన్నాను. వాడి మూలానే ఆమె మొగుడికి ఒక కాలు పోయింది. నేనెళ్ళి నా కొడుకు చెయ్యి పట్టుకుని కూర్చుంటే ఆమె మొహం ఎలా చూడను? రోడ్డు మీదికి రానని మాత్రం ఎవరికీ చెప్పలేదు" అంది. "మరి నీ కారు పెట్టుకుని వాడి కారెందుకమ్మా?" అంటే, "నిలబెట్టి ఉంచితే పాడవుతుందని వాడే అన్నాడుగా" అంది.

ఆర్నీకి పోయిన వేసవి నుంచే తెలుసు. డ్రైవరు సీటు ముందుకి జరిగి ఉండటం చూసి అడిగాడట. ఎవరికీ చెప్పనని అమ్మకి మాటిచ్చాడు. నిన్న నేను దొంగ అన్నా ఆ మాట మీదే ఉన్నాడు. మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళి తాళం చెవి తిరిగి ఇచ్చాను. క్షమించమన్నాను. వాడు తీసుకున్నాడు, కాని గుమ్మం దాటి లోపలికి పిలవలేదు. దానికి కొంత కాలం పడుతుంది. నువ్వూ వాడికి ఒక ఉత్తరం రాయి.

నీకు చెప్పొద్దని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. నేను ఆర్నీ అంత మంచిదాన్ని కాదు, చెప్తున్నాను. వచ్చే ఆదివారం పదింటికి రోడ్డు వైపు కంచె దగ్గరగా నడువు. చెయ్యి ఊపకు. అటు చూడకు. చూశావంటే ఆమె మళ్ళీ రాదు. ఊరికే నడువు, మామూలుగా నడిచే దానికంటే కొంచెం మెల్లిగా.