కళ్లు తిరిగే చప్పుడు

మా చెల్లి గంటకు, అక్క దీవించి రాసేది.

నీ షుగరు అదుపులో ఉందా? మరిదిగారి మోకాలి వాపు తీసిందా? పిల్లాడి దగ్గు తగ్గిందా? నీ ఫోను రాకపోతే అందరూ బాగున్నారనుకోవాలో, నా మీద అలకనుకోవాలో తెలియక ఒకటే దిగులు.

అలకేనని తెలుసు. కిందటిసారి గుమ్మంలో నిలబడి, నీ పేరుకి తగ్గట్టు ఖంగుమని "అక్కోయ్!" అని నువ్వు నవ్వగానే, చెవులు మూసుకుని "నోర్మూసుకుని పో" అన్నాను. ఎందుకన్నానో ఫోనులో చెప్పలేను. నీ గొంతు వింటే పడిపోతానే. తిట్టు కాదు, నిజం. ఆ నవ్వుకి గోడ ఒరిగింది, నేల లేచి ముఖం మీదికొచ్చింది.

అంతకుముందే ఇంకోటి మొదలైంది. నా కళ్లు తిరిగే చప్పుడు నాకు వినిపిస్తోంది. మా కోడలితో అంటే, "అవేమైనా ఫ్యానా అత్తయ్యా?" అంది. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఖాళీ గదిలో పక్కకి చూస్తే చాలు, ఎవరో చెప్పులీడుస్తున్నట్టు గరగర. అమ్మే వచ్చిందనుకున్నాను.

ఎందుకంటే అమ్మదీ ఇదే మాట. నువ్వు పుట్టాక మొదలైంది. దయ్యమన్నారు. దాన్ని తరమాలని చుట్టూ చేరి పళ్లాలు మోగించారు. మోగించినకొద్దీ అమ్మ పడిపోయేది.

చెవి డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "మామ్మగారూ, కళ్లు తిరుగుతున్నాయా, తిప్పితే వినిపిస్తోందా?" అంది. "తిప్పితేనేనమ్మా" అన్నాను. చెవిలో ఏదో మోత పెట్టి నా కళ్లలోకి చూసింది. లోపలి చెవిలో మూడు వంకర గొట్టాలుంటాయట, మనిషిని తూలకుండా నిలిపేవి అవేనట. పై గొట్టం మీది ఎముకకి చిల్లు పడిందట. అందుకే పెద్ద చప్పుడుకి తూలడం, కళ్లు కదిలితే వినపడడం అట. కోసి పూడుస్తారట. ఆ చెవి పూర్తిగా పోయినా పోవచ్చట. భయంతోనే సంతకం పెట్టాను.

ఆపరేషను బల్ల మీద నాకేమైనా అయితే నీకీ మాట చెప్పేవాళ్లుండరు. అమ్మ నిన్ను ఎత్తుకోలేదని జన్మంతా కుమిలావు. నీ ఏడుపుకి అమ్మ పడిపోయేదే. నిన్ను ఎక్కడ పడేస్తానో అని దూరం జరిగేది.

నీ అక్క

*

గంటా,

బతికే ఉన్నాను. కొన్నాళ్లు గోడ పట్టుకుని పసిపిల్లలా నడిచాను. ఇప్పుడు కళ్లు ఎటు తిప్పినా చప్పుడు లేదు. ఆ చెవి మందగించింది, పోతే పోనీ. అమ్మకి ఈ నిశ్శబ్దం ఒక్క పూటైనా దొరకలేదే అని, అదే గుబులు.

"అయితే అమ్మని పడేసింది నేనేనా అక్కా? ఇంక నీ గడప తొక్కను" అని రాస్తావా? పిచ్చిదానా! నేను రాసింది సగమే. నువ్వు నిద్రపోయావో లేదో చూసి రమ్మని అమ్మ నన్ను పంపేది. పడుకున్నావంటే గోడ వెంబడే వచ్చి, నేల మీద చతికిలబడి, నిన్ను ఒళ్లో పెట్టమనేది. నువ్వు కదిలినా వెంటనే ఇచ్చేది కాదు. కళ్లు గట్టిగా మూసుకుని, నువ్వు గుక్కపట్టి ఏడ్చేదాకా గుండెకి అదుముకునే ఉండేది.

గుసగుసలాడుతూ రాకు, నాకు వినపడి చావదు. ఒకవేళ నీ గొంతుకి నేను పడినా పట్టుకోవడానికి ఆ రోజు మా అబ్బాయి ఇంట్లోనే ఉంటాడు. ఈ నెల పదహారు, ఆదివారం వచ్చెయ్.

నీ అక్క