ఉచిత దుభాషి

బావా,

ఈ ఉత్తరం అక్కకు చూపించకు. నాకు మూడేళ్ల శిక్ష పడింది. నేను పనిచేసే లాండ్రీలో మంటలు లేచి ఇద్దరు చనిపోయారు. వెనక తలుపుకు తాళం వేసింది నేనేనని తేల్చారు.

ఇక్కడి భాష నాకు రాదని కోర్టు దుభాషిని ఉచితంగా ఇచ్చింది, కాదనను. పెద్దాయన. ఇస్త్రీ మేస్త్రీ సాక్ష్యం చెబుతుంటే మాత్రం నోరు విప్పలేదు. ఏమంటున్నాడని అడిగాను.

"ఊరుకో బాబూ. నిన్నేమైనా అడిగినప్పుడు చెప్తాగా, వాళ్ల సోదంతా నీకెందుకు?" అన్నాడు.

పెద్దవాళ్లకు ఎదురు చెప్పడం మనకు అలవాటు లేదు కదా, చేతులు కట్టుకుని నిలబడ్డాను. తర్వాత సాక్షిని ఏమైనా అడుగుతావా అన్నారు జడ్జిగారు. వాడేం చెప్పాడో తెలియనివాణ్ణి, ఏమడుగుతాను? ఏమీ లేదండీ అన్నాను.

తీర్పు మాత్రం ఒక్క ముక్క పోకుండా చెప్పాడు. తాళంచెవి నా దగ్గరే ఉండేదని మేస్త్రీ అన్నాడని అప్పుడు తెలిసింది. అది ఎప్పుడూ యజమాని నడుముకే వేలాడేది. ఆ మాట నేనక్కడ అననేలేదు.

అప్పీలుకు ఒక లాయరునిచ్చారు, దుభాషి కూడా ఉచితమేనట. ఇక్కడ మన భాష వచ్చిన దుభాషి ఆయనొక్కడే. మరొకరిని వెతికి పంపు బావా. ఆయన నాకేమీ చెప్పలేదని లాయరుగారికి చెప్పాలన్నా, ఆయన నోటితోనే చెప్పించాలి. నిన్న ఆ మాటే లాయరుగారికి చెప్పమని ఆయన్ను అడిగాను.

"అలాంటివి చెప్తే నీకే నష్టం బాబూ," అన్నాడు.