సింగపూర్ సఫారీ

సింగపూర్,
9-5-1994

ప్రియమైన దోస్తు గఫూర్‌కు,

మొత్తానికి చేరుకున్నాం! సమ్మె వల్ల మద్రాసు విమానం రెండు రోజులు ఎగరనే లేదు. పిల్లలిద్దరూ సంచుల మీదే నిద్రపోయారు. జ్ఞానేశ్వరి "ఇంటికి పోదాం పాండ్రి" అని ఒకటే నస. నాకేమో బస్టాండులో వర్తక సంఘం వాళ్లు వేసిన దండలే గుర్తొచ్చాయి. పేపర్లో నా ఫోటో వేసి, "విదేశీ పర్యటనకు వెళ్తున్న వస్త్ర వ్యాపారి హరికిషన్‌కు శుభాకాంక్షలు" అని అచ్చేయించారు కదా. మూడో రోజే సంచులు మోసుకుంటూ తిరిగొస్తే సిద్దిపేటలో తలెత్తుకోగలనా? దేవుడు చల్లగా చూశాడు, సీట్లు దొరికాయి.

ఇక్కడి రోడ్ల మీద అన్నం పెట్టుకుని తినొచ్చు, అంత శుభ్రం. నా దుకాణం అరుగు మీద నువ్వు కుట్టిన సఫారీ చూసి హోటలాయన ఎక్కడ కుట్టించారని అడిగాడు. సిద్దిపేట పేరు చెబితే రాసుకున్నాడు కూడా! మున్నీ చెల్లెకు సింగపూర్ చీర కొన్నాను. ఆమెకు ఒంట్లో ఎట్లా ఉంది?

టపా ఆలస్యమవుతుందని ఈ ఉత్తరం హైదరాబాద్ వస్తున్న ఒకాయన చేతికిచ్చాను. అక్కడ డబ్బాలో వేస్తాడు. నువ్వు సికింద్రాబాద్‌లో మా టికెట్ల ఆఫీసుకు రాయి. వాళ్లు ఇటు వచ్చేవాళ్లతో పంపిస్తారు.

ఎప్పటికీ నీ
హరి

*

హైదరాబాద్, దవాఖాన నుంచి,
18-5-1994

ప్రియమైన హరీ,

నీ ఉత్తరం మన బజారులో పదిమందికి చదివి వినిపించాను. మిఠాయి దుకాణం కాశీనాథం మూతి ముడుచుకుంటే నాకు కడుపు నిండింది.

నవ్వు అక్కడితో అయిపోయింది. మున్నీబీకి రక్తం పోవడం ఆగలేదు. నిన్న ఇక్కడికి తెచ్చాను. 21న గర్భసంచి ఆపరేషన్. ఆమెది నెగెటివ్ గ్రూపు. రెండు సీసాలు కావాలంటే ఒకటే దొరికింది. డాక్టరమ్మ "ఈ గ్రూపుది మీకు తెలిసినోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని అడిగింది. మా బిడ్డ రబియా పుట్టినప్పుడు ఈమెకు నీ రక్తమే కదా ఎక్కించారు! నేను నోరు తెరిచే లోపలే మున్నీబీ చెప్పింది: "మా అన్న సింగపూర్ల ఉన్నడు మేడం. గీడుంటే ఉరుక్కుంట వచ్చేటోడు."

నాకు చాలా భయంగా ఉంది హరీ. సముద్రం అవతల ఉన్నవాణ్ని నిన్నెట్లా రమ్మంటాను? మా కోసం దేవుడికి ఒక మాట చెప్పు, చాలు. మంచం దగ్గర నుంచి కదల్లేక ఈ కవరు దవాఖాన ముందున్న డబ్బాలోనే వేస్తున్నాను.

నీ
గఫూర్

*

సింగపూర్,
20-5-1994

ప్రియమైన గఫూర్‌కు,

నీ ఉత్తరం నిన్ననే అందింది. చదివినప్పటి నుంచి ముద్ద దిగడం లేదు. కానీ ఏం చేయను? విమానాలు మళ్లీ ఆగిపోయాయి. వారం రోజుల నుంచి ఇటు ఒక్కటి రాలేదు, అటు ఒక్కటి పోలేదు. రెక్కలుంటే ఎగిరొచ్చేవాణ్ని. ఒక సీసా ఏం లెక్క, ఒంట్లో ఉన్నదంతా ఇచ్చేవాణ్ని!

ధైర్యంగా ఉండు. అంత పెద్ద ఊళ్లో ఎవరో ఒకరు దొరకకపోరు. మున్నీ చెల్లె పేరున జ్ఞానేశ్వరి ముడుపు కట్టింది.

అన్నీ బాగుంటే 30వ తారీఖు సాయంత్రం బస్సుకు సిద్దిపేటలో దిగుతాం. వర్తక సంఘం వాళ్ల చెవిన కూడా ఈ మాట వేయి.

నీ
హరి

*

సిద్దిపేట,
26-5-1994

శ్రీ హరికిషన్ సేటు గారికి,

గఫూర్ సలాములు. మున్నీబీ 21న చనిపోయింది. రెండో సీసా కోసం నేను తిరగని జాగా లేదు, దొరకలేదు. మర్నాడు సిద్దిపేటలో మట్టిచ్చాం. ఆపరేషన్‌కు తీసుకుపోతుంటే నవ్వుతూ అన్నది: "అన్న వచ్చినంక కోపం జేస్తడేమొ, నేను లేనప్పుడు ఎందుకు చేయించుకున్నవని."

24న మీ ఉత్తరం వచ్చింది. మొదటిసారి చదివి మీ మీద ప్రేమతో ఏడ్చాను. రెండోసారి చదివితే ఏడుపు ఆగిపోయింది. వారం నుంచి విమానాలే లేవని మీరే రాశారు. మరి 18న నేను హైదరాబాద్‌లో వేసిన ఉత్తరం 19న సింగపూర్‌కు ఎట్లా చేరింది?

నిన్న మీ టికెట్ల ఆఫీసుకు వెళ్లి గుమాస్తాను అడిగాను. "ఏ సింగపూర్? ఆళ్ల టికెట్లు మొదట్లనే రద్దయినయి. ఎదురుంగ లాడ్జిల ఉన్నరు. నీ ఉత్తరం పంతొమ్మిదిన ఆయననే వచ్చి తీస్కపోయిండు" అన్నాడు. బయటికొచ్చి తలెత్తి చూశాను. మూడో అంతస్తులో తీగ మీద సఫారీ ఆరేసి ఉంది. నా చేతి కుట్టు నాకు తెలియదా? పక్కన మీ పిల్లలు క్యారం ఆడుకుంటున్నారు. అక్కడి నుంచి దవాఖానకు ఆటోలో పది నిమిషాలు.

దండలు వేసిన వాళ్లకు మొహం చూపించలేక దాక్కున్నారు, అంతే కదా. నాకొక్కడికి చెప్పి ఉంటే నా కడుపులో పెట్టుకునేవాణ్ని. పైకి రావాలనుకున్నాను, మెట్ల దగ్గర నుంచే తిరిగొచ్చాను.

ఇక్కడ ఎవరికీ ఏమీ చెప్పలేదు. వర్తక సంఘానికి మాత్రం మీరు చెప్పమన్న మాట చెప్పాను. 30న బస్టాండుకు బ్యాండు మేళం వస్తుంది. మొదటి దండ నేనే వేస్తానని అడిగి ఒప్పించుకున్నాను. సఫారీ వేసుకుని రండి. ఆ సింగపూర్ చీర మరిచిపోకండి. అందరి ముందు అది నా చేతికిచ్చి, ఎవరి కోసం తెచ్చారో మీ నోటితోనే చెప్పండి.

ఇట్లు,
మీ అరుగు మీది టైలరు
గఫూర్