రిజిస్టర్ల లేని బీమారి

పెద్దవంగర దగ్గరి తండా,
20 సెప్టెంబర్ 2011

ఆరోగ్య ఆఫీసు సార్లకు లింగ్యా దండం పెట్టి రాసుడు.

నా భార్య సక్రి కాలి పుండు రెండు నెలల సంది మానుతలేదు. తొర్రూరు ఆర్ఎంపీ చూసి షుగరున్నట్టుంది, గోళీలకు సర్కారు ఆఫీసుకు రాయమన్నడు. గిట్లనే ఉంటే కాలు తీసేస్తరట. నాకు భయమైతాంది సారు.

లింగ్యా

తా.క. సక్రి తన చాయల చక్కెర బంద్ పెట్టింది. నా చాయల సుత బంద్ పెట్టింది. నేనేం పాపం జేసిన? జర జల్ది పంపుండ్రి.

*

24-9-2011

శ్రీ లింగ్యా గారికి,

తమ ఉత్తరం అందినది. మా రిజిస్టరు ప్రకారం తమ తండాలో షుగరు రోగులు లేరు. కావున గోళీలు పంపుటకు వీలు పడదు.

ఇట్లు,
ఆఫీసు

తా.క. రిజిస్టరులో లేని రోగం గురించి పరేషాన్ కావద్దు.

*

30 సెప్టెంబర్

సార్లకు లింగ్యా దండం, కోపంతోనే.

మా తండాకు ఎవలు రాలే, ఎవల వేలు పొడువలే. మరి లేరని ఎట్ల రాసుకున్నరు? షుగర్ చూసే మిషన్ తొర్రూరు దీక్ష టెంటుల ఉన్నదని తెలిసింది. తెలంగాణ కోసం ఉపాసం కూసున్నోళ్లకు ఏమన్నయితదేమోనని ఒక డాక్టరమ్మ రోజు వచ్చి చూస్తదట. సమ్మెకు బస్సుల్లేవు. సక్రిని ఎడ్లబండి ఎక్కించి, పదిమందిమి పోయి దీక్షల కూసున్నం. ఆరుగురికి షుగరున్నది. సక్రికి మూడువందల ఎనబై. పేర్లు ఎన్క రాసిన. పుండు నల్లవడ్తాంది సారు.

లింగ్యా

తా.క. మీ తండోళ్లకున్నంత పట్టు ఎవలకు లేదని టెంటోళ్లు దండలేసిండ్రు. రేపు సుత రమ్మన్నరు.

*

2 అక్టోబర్

లింగ్యన్నా,

ముందు సక్రి వదినెను ఆటో ఎక్కించు. ఈ ఉత్తరం తొవ్వల సదువు. ఆటో తెచ్చినాయన మా సడ్డకుడే, మా ఆమె చెల్లె మొగడు. సమ్మెల సుత వరంగల్ పెద్ద దవాఖానల పానం మీదికొచ్చినోళ్లను చూస్తున్నరు.

నేను సారును గాదే అన్నా, వాచ్‌మన్‌ను. సార్లందరు సమ్మెల ఉన్నరు. ఉత్తరాలు ఊకె పడి ఉన్నయని ఇప్పి, పాత కాయిదాలు చూసుకుంట సర్కారు తీర్గ జవాబు రాసిన. మీ తండా పేజీ తెరిస్తే తెల్లగున్నది. తెల్లగుంటే బీమారి లేనట్టే అనుకున్న. మీ దిక్కు ఎవలు పోనే పోలేదని నువ్వు రాసినంకనే ఎరుకైంది. పది దినాలు నా మూలంగ పాడైనయి. సిగ్గయితాంది.

వెంకట్రాం

తా.క. ఆరుగురి పేర్లు ఆ పేజీల ఎక్కించిన. నిన్న నేను సుత టెంటుల కూసొని వేలు పొడిపించుకున్న. రెండువందల తొంబై వచ్చింది. నాకు ఏ పేజీ లేదు గద, మీ తండా కిందనే ఏడో పేరు నాది రాసుకున్న. ఏమనుకోకు.