సీజర్‌కి ఏమీ పెట్టకు

అన్నయ్యా,

నేను వచ్చేదాకా సీజర్‌కి మంచినీళ్ళు తప్ప ఏమీ పెట్టకు. చంద్రరావుగారు తమ ఆడకుక్కని జత కట్టించడానికి తీసుకొస్తే, సీజర్ తల్లికి వచ్చిన గుడ్డితనం వీడి పిల్లలకీ వస్తుందో లేదో జన్యుపరీక్షలో తేలేదాకా కుదరదని చెప్పి పంపెయ్. కోప్పడితే నన్నే కోప్పడమను.

మొన్న వాడు కదలకుండా ఉంటాడని నేను తెలివిగా కడుపునిండా పెరుగన్నం పెట్టి, అప్పుడు దూదిపుల్లతో బుగ్గ లోపల తుడిచాను. రాజమండ్రి డాక్టరుగారు పెరుగంటిన ఆ పుల్ల చూసి, "రిపోర్టులో మీ గేదె జాతకం వస్తుందమ్మా!" అన్నారు. కొత్త పుల్ల తేవడానికి మళ్ళీ బస్సెక్కుతున్నాను.

వేణి

తా.క. ఆకలేసి వాడు నీ మొహంలోకే చూస్తాడు. ఇంత చక్కగా చూస్తున్నాడు, పరీక్షెందుకు అనిపిస్తుంది. చూపు పోయి వాళ్ళమ్మ గడపకి కొట్టుకుంటే, కాలెత్తడానికి బద్ధకమని తిట్టినదాన్ని నేనే.