అమ్మ అరచేతిపై మోపిన నేరం

తాళంచెవులు ఇచ్చుటకును, తీసివేసుకొనుటకును అధికారం గల పెద్దలందరి సముఖమునకు. వారి ద్వారా ఆకివీడు చెరువు గట్టున ఉన్న మా అమ్మ మాణిక్యం గారికి.

అమ్మా,

తాడేపల్లిగూడెం హాస్టలులో నేను కులాసా. నువ్వు, నాన్నగారు, చెరువులోని చేపలు క్షేమమని తలుస్తాను. ఫోను చేస్తే నాన్నగారు స్పీకరు పెట్టి మధ్యలోనే తీర్పు చెప్పేస్తారు గనుక ఈ సంగతి కాగితంపై పెట్టవలసి వచ్చింది.

కాలేజీ ప్రాజెక్టుగా నేను చేసి మన చెరువు గట్టున బిగించిన స్విచ్చి పెట్టె గురించి, "నొక్కడానికి మీటే లేదు, ఆ పెట్టెకి నా వేలు ఎలా తెలుస్తుందే?" అని అడిగావు. మూత కింద రాగిరేకు ఉంది. లోపలి మైక్రోకంట్రోలరు, అంటే గోరంత కంప్యూటరు, దానికి కొద్దిపాటి విద్యుత్తు నింపుతూ, నిండడానికి ఎంతసేపు పట్టిందో లెక్కిస్తుంది. వేలు దగ్గరికొస్తే రేకు మరికొంత విద్యుత్తు పట్టుకుంటుంది, సమయం పెరుగుతుంది. పెరిగితే ఎవరో తాకారని తీర్మానించి, నీళ్లలో గాలి చిలికే ఏరేటరును తిప్పుతుంది. దేనికంటే పెరిగిందన్నది అసలు ప్రశ్న. మెయిన్ వేసిన క్షణంలో వచ్చిన లెక్కనే "ఎవరూ తాకని స్థితి"గా నమోదు చేసుకోమని ప్రోగ్రాము రాసింది నేను.

ముసురు పట్టిన ఆ ఉదయం కరెంటు పోయి వచ్చింది. మోటారుకైనా మిక్సీకైనా చేసినట్టే నువ్వు కుడిచెయ్యి పెట్టెపై ఆనించి, ఎడమచేత్తో మెయిన్ వేసి, ఆ పిదప చెయ్యి కళ్ళకద్దుకున్నావు. తరువాత ఎంత తాకినా ఏరేటరు కదలలేదు. చేపలు పైకి తేలి నోళ్లు తెరిచాయి. నాన్నగారు పరుగున వచ్చి, మెయిన్ తీసి మళ్ళీ వేసి తాకగానే తిరిగింది.

"నీ చేతికి తడారదు కదా మాణిక్యం, ఇక నువ్వటు వెళ్లకు."

"ఏవండీ, రోజూ తాకినట్టే తాకానండీ!"

విచారణ అంతటితో ముగిసింది. నిపుణురాలిగా నన్ను ఫోనులో సంప్రదించగా, ప్రోగ్రాము తెరిచి చూడకుండానే, "అమ్మ చెయ్యి తడిగా ఉండుంటుందండీ నాన్నగారూ" అని అభిప్రాయం ఇచ్చాను. ఇరవై ఏళ్లుగా నీ కొంగున ఉన్న చెరువు గట్టు మోటారు గది తాళంచెవి బాబాయి జేబులోకి వెళ్లింది.

"దండం పెట్టుకునే మెయిన్ వేశాను, అపచారమేం చెయ్యలేదే" అని రాశావు. అది చదివి ల్యాబులో అచ్చం నీలాగే చేసి చూశాను. అరచెయ్యి ఉన్నప్పటి లెక్కే మామూలని పెట్టె నేర్చుకుంది. చెయ్యి తీసి మళ్ళీ తాకితే దానికి కొత్తేమీ కనబడలేదు.

ఇది తెలిసి పన్నెండు రోజులైంది. కాలేజీలో ప్రాజెక్టు బహుమతి ప్రకటించేదాకా నేను నోరు మెదపలేదు. బహుమతి వచ్చింది. నీ మీద నేరం అలాగే ఉంది.

కావున ఈ దిగువ డిమాండ్లను నాన్నగారికి, బాబాయికి వినబడేలా చదవవలెను.

1. తప్పు ప్రోగ్రాముదని, అనగా నాదని, ఇంట్లో అందరూ అంగీకరించవలెను.

2. తాళంచెవి ఈ పొద్దు గుంకేలోగా నీ కొంగుకు చేరవలెను.

3. ఆదివారం కొత్త ప్రోగ్రాము తెస్తున్నాను. మెయిన్ వేసేటప్పుడు నువ్వు మునుపటిలాగే పెట్టెపై చెయ్యి ఆనించి దండం పెట్టుకోవలెను. సర్దుకోవలసింది పెట్టె.

ఇట్లు,
నిపుణురాలి హోదా వదులుకున్న నీ కూతురు
అఖిల