మరిది ఇచ్చే డబ్బా

మార్చి 29
కోడలు జోస్లిన్ మాంట్రియాల్ పట్నం పిల్ల. మనింట్లోనే పీపాల నిండా మేపుల్ చెట్ల నీళ్ళు కాచిన పాకం ఉండగా ఫెర్నాన్ మావయ్య దగ్గర ఏటా ఇంకో డబ్బా ఎందుకని అడిగింది. మనమూ ఆయనకి అదే ఇస్తాం కదా, ఎవరిది వాళ్ళు వాడుకుంటే పోలా అత్తయ్యా అంది.

పోదు అన్నాను. మా ఆయన పోయాక కూడా మా మరిది ఫెర్నాన్‌తో ఈ మార్పిడి ఆగలేదు. రోజంతా ఆవిరిలో నిలబడి పాకం కాచేవాళ్ళకి తమ పాకం రుచి తెలియదు. పక్కవాళ్ళ నాలుకే చెప్పాలి.

ఈ ఏడు డబ్బా రాదని మాత్రం చెప్పలేదు.

ఏప్రిల్ 2
రాయకుండా ఉండలేను. పోయిన నెల చర్చి భోజనాల్లో అందరి ముందూ ఫెర్నాన్ పాకం మాడిందన్నాను. మాడింది నిజమే. కానీ అది ఇంటికెళ్ళి చెప్పాల్సిన మాట. అతను భోజనం సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. నోరా, వీపుకు తేకే అని ఊరికే అనలేదు.

ఏప్రిల్ 9
చలి విరిగింది. జోస్లిన్ తిరిగి మాంట్రియాల్ వెళ్ళిపోయింది. ఆఖరి వాయి దించాను. దీన్ని పెద్ద పీపాలో కలపాలి. ఇది చెడితే సీజన్ మొత్తం చెడినట్టే. నా నోటికి బాగానే ఉంది. నిన్నటిదీ బాగానే ఉంది, మొన్నటిదీ బాగానే ఉంది. అదే నా టెన్షన్.

ఏప్రిల్ 10, పొద్దున
సిగ్గు విడిచి డబ్బా పట్టుకెళ్ళాను. ఫెర్నాన్ కూర్చోమనలేదు. ఒక చెంచా నోట్లో వేసుకుని, సింకులో ఉమ్మేశాడు. మొగ్గ వాసన కొడతోంది వదినా, పీపాలో కలిపేవు సుమా, పారబొయ్యి అన్నాడు.

చెట్టు మొగ్గ తొడిగే వేళ తీసిన నీళ్ళు కాస్తే పాకం ఉడికిన క్యాబేజీలా కంపు కొడుతుంది. అది నాకూ తెలుసు. కానీ చెప్పింది ఎవరు? నేను పదిమందిలో పరువు తీసిన మనిషి. కచ్చ తీర్చుకుంటున్నాడా?

మధ్యాహ్నం
ఇంకొకరి చేత రుచి చూపించవచ్చు. చూపిస్తే మరిది మాట నమ్మలేదని సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. పాకం విషయంలో ఈ మనిషి నాకు ఏనాడూ అబద్ధం చెప్పలేదు. నా పాకం బాగాలేని ఏడు బాగాలేదనే అన్నాడు.

పారబోశాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

ఏప్రిల్ 12
కొమ్మల చివర ఎర్రగా మొగ్గలు.

ఏప్రిల్ 13
ఫెర్నాన్ తన డబ్బా తెచ్చాడు. క్షమించమన్నాను. విననట్టే మూత తీశాడు. నేను చెంచా నోట్లో పెట్టుకునేదాకా నిలబడే ఉన్నాడు.

ఈసారి అతనొక్కడికే, నిజమే చెప్పాను.